వీణతో విమానం ఎక్కే ముందు

విజయవాడలో వీణ నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళలో ఏటా వేసవి దగ్గరపడే కొద్దీ ఒకే ప్రశ్న తలెత్తుతూ ఉంటుంది. ఒకరి అమ్మాయి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి జరుగుతూ వస్తున్న త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పోటీకి వెళ్తుంది. ఇంకొకరి అబ్బాయి పై చదువుకు బయలుదేరుతూ తన వాద్యాన్ని వదిలి వెళ్ళలేనంటాడు. మరొక ఇంట్లో డల్లాస్‌లో ఉన్న మనుమరాలికి వీణ పట్టుకువెళ్ళే బాధ్యత అమ్మమ్మా తాతయ్యల మీద పడుతుంది. వీణ నేర్పడమే నా పని కాబట్టి, వీణను విమానంలో క్షేమంగా చేర్చడం ఎలాగని వీళ్ళందరూ నన్నే అడుగుతూ ఉంటారు. ఫోనులో నాలుగు మాటల్లో చెప్పి ముగించగల విషయం కాదు కనుక, నాకు తెలిసినదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. పెట్టె మీద ‘ఫ్రాజైల్’ అని చీటీ అంటించినంత మాత్రాన వీణకు రక్షణ కలగదు. రాత్రి రెండు గంటలప్పుడు వందలాది సామాన్లను విమానం కడుపులోకి ఎక్కించే మనిషికి ఆ చీటీ చదివే తీరిక ఉండదు. పెట్టె లోపల వీణ వెంట్రుకవాసి అయినా కదలకుండా ఉండాలి, మేళానికి, అంటే స్వరాల మెట్లను పట్టి ఉంచే మైనపు గట్లకు, వేడి తగలకుండా ఉండాలి. ఈ రెండు విషయాలూ గన్నవరం చేరక ముందే, ఇంట్లోనే తేలిపోతాయి.

వీణ ఎక్కడ దెబ్బ తింటుందో తెలిస్తే ఎక్కడ కాపాడాలో అర్థమవుతుంది. సరస్వతీ వీణ నాలుగు అడుగులకు పైగా పొడవుండే వాద్యం. పనస కర్రతో చేసిన గుండ్రని కుండ, కుండ నుంచి సాగే పొడవాటి దండి, దండి చివర సింహాన్ని పోలిన కల్పిత జంతువైన యాళి ముఖం, ఆ చివరకు కాస్త ముందు అడుగున మరతో బిగించే బుర్ర, ఇదీ దాని నిర్మాణం. బరువంతా కుండ వైపు ఉంటుంది, పొడవంతా దండి వైపు ఉంటుంది. పెట్టె ఎత్తు నుంచి కింద పడ్డప్పుడు ఈ రెండూ ఒకే వేగంతో ఆగవు. ఆ ఒత్తిడి మొత్తం కుండా దండీ కలిసే చోట పడుతుంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో కుండనూ దండినీ ఒకే మొద్దు నుంచి తొలిచి ఏకాండి వీణలు చేస్తారు. అటువంటి వాటిలో ఆ చోట అతుకు ఉండదు కాబట్టి దెబ్బను కొంత తట్టుకుంటాయి. కుండ, దండి, యాళి విడివిడిగా చేసి అతికించిన వీణలకు ఆ అతుకే మొదటి ప్రమాదస్థానం. మీ వీణ ఏ రకానిదో తెలియకపోతే చేసినవారిని అడగండి. నూజివీడులో వీణలు చేసేవారు చూడగానే చెప్పేస్తారు.

రెండో ప్రమాదస్థానం యాళి. అది ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది, చెక్కడపు పని వల్ల చెవులూ కొమ్ములూ పలుచగా ఉంటాయి, పెట్టె నిలువుగా పడితే మొదట నేలను తాకేది ఆ కొసే. మూడోది తంత్రులను బిగించే బిరడలు. అవి దండికి రెండు వైపులా బయటకు వచ్చి ఉంటాయి కాబట్టి పక్క నుంచి తగిలే దెబ్బకు బిరడ విరగకపోయినా, బిరడ దూరిన రంధ్రం చీలిపోతుంది. విరిగిన బిరడకు కొత్తది వేయించుకోవచ్చు. చీలిన రంధ్రాన్ని బాగుచేయడం పెద్ద పని. ఇక నాలుగోది మేళం. దాని సంగతి విడిగా చెప్పవలసినంత ఉంది.

పెట్టె గురించి. లోపల స్పాంజీ వేసి కుట్టిన గుడ్డ కవరు, ఘంటసాల సంగీత కళాశాల దాకా ఆటోలో తీసుకువెళ్ళడానికి సరిపోతుంది గాని విమానానికి ఎంతమాత్రం పనికిరాదు. ప్లైవుడ్ పెట్టె గట్టిదే, అయితే దాని బరువే వీణ బరువును మించిపోతుంది. ఫైబర్‌గ్లాస్ పెట్టె మేలు. కొనేటప్పుడు మూత మధ్యలో అరచేత్తో బలంగా నొక్కి చూడండి. లోపలికి వంగితే ఆ పెట్టె వద్దు, ఎందుకంటే దాని మీద మరో నాలుగు సూట్‌కేసులు పేర్చడం ఖాయం. బిగింపు క్లిప్పులు ముందు వైపు కనీసం నాలుగు ఉండాలి, అవి కూడా పెట్టె గోడలోకి ఒదిగి ఉండాలి. బయటకు పొడుచుకు వచ్చిన క్లిప్పు బెల్టు మీద దేనికో తగులుకుని ఊడిపోతుంది. చక్రాలున్న పెట్టెను నేను మెచ్చను. చక్రాలుంటే దాన్ని నిలబెట్టి ఈడ్చుకుపోతారు, గచ్చు మీది ప్రతి ఎగుడుదిగుడూ దండి దాకా అదురుతుంది. రెండు కొసలా రెండు పట్టీలుంటే ఇద్దరు మనుషులు పడుకోబెట్టే మోస్తారు, వీణకు కావలసింది అదే.

పెట్టె ఎంత మంచిదైనా లోపల సర్దడంలోనే ప్రాణమంతా ఉంది. పరుపుల్లో వాడే మెత్తని స్పాంజీ చేతికి హాయిగా తగులుతుంది గాని, కుండ బరువుకు అట్టలా అణిగిపోయి దెబ్బ పడే సమయానికి లేనట్టే అవుతుంది. వేలితో నొక్కితే కొంచెమే దిగి వెంటనే పైకి లేచే గట్టి ఫోమ్ తీసుకుని, కుండ అడుగు ఒంపుకు తగినట్టు గుండ్రంగా కోయించుకోవాలి. దండి కింద పొడవునా ఆధారం ఉండాలి. ఒక్కచోట మాత్రమే దిమ్మ పెట్టి మిగిలిన దండిని గాలిలో వదిలేస్తే ఆ దిమ్మ దగ్గరే అది విరిగే ప్రమాదం ఉంది. యాళికి మాత్రం ఎటు వైపూ ఏదీ తగలకూడదు. యాళి కొసకూ పెట్టె గోడకూ మధ్య రెండు అంగుళాల చోటు వదిలి, ఆ బరువును యాళికి కాస్త ముందు దండి అడుగున ఉన్న ఫోమ్ మోసేటట్టు చూడాలి. మూతకు అంటించిన ఫోమ్ కుండ అంచులను మాత్రమే అదిమి పట్టాలి, తంత్రుల మీదగాని మెట్ల మీదగాని కుండ పై పలక మీదగాని బరువు వేయకూడదు. మిగిలిన సందులన్నింటిలో పాత నూలు చీరలు మడిచి కూరండి. నూజివీడు తోటల్లో రసాలను గంపల్లో పేర్చేవారు కాయకూ కాయకూ నడుమ గడ్డి కూరి ఏ కాయా తన చోటు నుంచి జరగకుండా చూసినట్టే, ఇక్కడా చూడవలసింది ఖాళీ అన్నది లేకుండానే.

సర్దడం అయ్యాక ఒక పరీక్ష చేయండి. మూత బిగించి, ఇద్దరు పట్టుకుని పెట్టెను ముందు ఒక కొస వైపు, తరువాత రెండో కొస వైపు, ఆపైన పక్కకు వంచండి. ఆ సమయంలో ఇంట్లో ఫ్యాను కూడా ఆపి చెవి పెట్టి వినండి. లోపల నుంచి ‘దడ్’ మని చిన్న చప్పుడు వచ్చినా తెరిచి, ఆ చప్పుడు ఎక్కడిదో కనిపెట్టి, మళ్ళీ సర్దవలసిందే. తంత్రి సన్నగా మోగినా సరే, అది ఏదో ఒకదానికి తగులుతున్నదన్నమాట.

తంత్రులను ఎంత సడలించాలన్న విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. పూర్తిగా తీసేయాలని కొందరు, ముట్టుకోనే వద్దని ఇంకొందరు అంటారు. నేను ఈ రెండింటికీ మధ్య పద్ధతినే చెబుతాను. ఏడు తంత్రులూ శ్రుతిలో బిగిసి ఉన్నప్పుడు దండిని నిరంతరం లాగుతూ ఉంటాయి, ఆ లాగుడులో ఉండగా దెబ్బ తగిలితే చీలిక తొందరగా వస్తుంది. అందుకని అన్నింటినీ మూడు నాలుగు స్వరస్థానాలు దించాలి. అంతకంటే వదులు చేస్తే మరో చిక్కు వస్తుంది. కుండ మీద తంత్రులను ఎత్తి పట్టే గుర్రం జిగురుతో అతికించినది కాదు, తంత్రుల ఒత్తిడితోనే నిలబడి ఉంటుంది. తంత్రులు మరీ వదులైతే గుర్రం జరుగుతుంది లేదా పక్కకు ఒరిగి పలకను గీరుతుంది.

ఈ గుర్రం దగ్గర చేయవలసిన పని చాలా చిన్నది, చాలా ముఖ్యమైనది. తంత్రులు దించక ముందే మెత్తని ములుకున్న పెన్సిలుతో గుర్రం పాదాల చుట్టూ పలక మీద సన్నని గీత గీయండి. ఆ గీత పక్కన నిలబడి చూస్తే కనపడనంత తేలికగా ఉంటే చాలు, వంగి చూసినప్పుడు కనిపించాలి. గుర్రం ఒక నూలుపోగంత జరిగినా మెట్ల మీద స్వరాలన్నీ తప్పుతాయి, పై స్థాయికి వెళ్ళే కొద్దీ ఆ తప్పు మరింత తెలుస్తుంది. డల్లాస్‌లో దిగాక గుర్రం అసలు చోటు ఏదో చెప్పేవాళ్ళు మీ పక్కన ఉండరు, ఆ పెన్సిలు గీతే చెప్పాలి. గీత గీశాక, గుర్రానికి రెండు వైపులా తంత్రుల కింద మెత్తని గుడ్డను మడిచి దూర్చండి. గుర్రం పైని కంచు రేకును లక్కతో అతికిస్తారు, నాదమంతా ఆ రేకు ఒంపులోనే ఉంటుంది కాబట్టి దాని మీద మాత్రం గుడ్డ ఒత్తిడి పడనీయకండి. తంత్రుల కొసలు కట్టే నాగపాశం వైపు, శ్రుతిని సన్నగా సరిచేయడానికి ఉండే లంగరులు తంత్రులు వదులవగానే గలగలలాడుతూ పలకకు గీతలు పెడతాయి, కాబట్టి వాటిని దూదితో చుట్టి దారం కట్టాలి.

బుర్రను మర విప్పి తీసి విడిగా సర్దుకోవాలి. ఇప్పటి వాటిలో చాలావరకు తేలికైనవే కాబట్టి చేతి సంచిలో పెట్టుకున్నా బరువు కాదు. మర ఎటు తిప్పితే బిగుస్తుందో పిల్లలకు ఒకసారి చూపించి పంపండి.

ఇక మేళం. వీణ మీది 24 మెట్లు దండికి రెండు అంచులా పోసిన మైనపు గట్ల మీద నిలిచి ఉంటాయి. తేనెమైనంలో గుగ్గిలమూ మసీ కలిపి చేసే ఆ మిశ్రమమే మెట్టును పట్టి ఉంచుతుంది. స్వరానికి స్థానం ఇచ్చేది కూడా అదే. తేనెమైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల మధ్య, కాని మెత్తబడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది. మే నెలలో మన ఊళ్ళో నీడలోనే 45 డిగ్రీలు చూస్తున్నాం. ఎండలో నిలిపిన కారు డిక్కీలోనూ, విమానం పక్కన తారు మీద ఎండలో వేచి ఉండే సామాను బండి మీదనున్న మూసిన పెట్టెలోనూ వేడి అంతకంటే బాగా ఎక్కువగా ఉంటుంది. మైనం కరిగి కారిపోనక్కరలేదు. కాస్త మెత్తబడితే చాలు, మెట్టు తన బరువుకే ఒక పక్కకు దిగుతుంది, మళ్ళీ చల్లబడ్డప్పుడు అలాగే గట్టిపడిపోతుంది. అప్పుడు వీణ పైకి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, మీటి చూస్తే మాత్రం రెండు మెట్ల మధ్య స్వరం తేడాగా పలుకుతుంది.

విమానం ఎగిరిన తరువాత ఈ బాధ ఉండదు. సామాన్ల గదిలోనూ మనుషులు కూర్చునే చోట ఉన్నంత గాలి పీడనమే ఉంటుంది, ఉష్ణోగ్రత పైన కంటే తగ్గుతుంది గాని పెరగదు. కాబట్టి భయమంతా నేల మీదే. వేసవిలో ప్రయాణం తప్పనప్పుడు తెల్లవారుజామునో రాత్రి పొద్దుపోయాకో బయలుదేరే విమానాన్ని ఎంచుకోవాలి. పెట్టెకు తెల్లని గుడ్డ తొడుగు కుట్టించుకుంటే ఎండ వేడి కొంత తగ్గుతుంది. నల్ల పెట్టె చూడటానికి బాగుంటుంది గాని మన ఎండలకు అది తగదు. ప్రయాణానికి ముందు మేళం పాతబడి ఉంటే కొత్తగా కట్టించుకోవడం మంచిదే, అయితే బయలుదేరే ముందు రోజు కాకుండా కొన్ని వారాల ముందే కట్టించి, వాయిస్తూ స్థిరపడనివ్వాలి. మైనం కాస్త గట్టిగా కలపమని మేళం కట్టేవారికి ముందే చెప్పాలి. చలి దేశానికి వెళ్తున్నామని చెబితే మరీ గట్టిగా కూడా కలపరు, ఎందుకంటే విపరీతమైన చలికి గట్టి మైనం పెళుసై పగుళ్ళు తీస్తుంది.

మార్గం ఎంచుకోవడం గురించి నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. అమెరికా వెళ్ళే వీణను గన్నవరంలో విమానం ఎక్కించవద్దనే నేను చెబుతాను. ఇక్కడి నుంచి హైదరాబాదుకో ఢిల్లీకో ఎగిరి అక్కడ మారితే పెట్టెను దించడం, ఎక్కించడం ఒక విడత పెరుగుతుంది. ప్రమాదం జరిగేది సరిగ్గా ఆ దించడంలోనే, ఎక్కించడంలోనే. చిన్న ఏటీఆర్ విమానమైతే తల మీది అరలూ సామాన్ల చోటూ ఇరుకు కూడా. విజయవాడ నుంచి శంషాబాదుకు కారులో వీణను వెనుక సీటు మీద పడుకోబెట్టి రాత్రి పూట తీసుకువెళ్తే, అయిదు గంటల్లో ఎవరి చేతిలోనూ పడకుండా చేరుతుంది. అక్కడి నుంచి కూడా మార్పులు తక్కువ ఉన్న టికెట్టే కొనాలి. అమెరికాలో మొదట దిగిన ఊళ్ళో సామానంతా తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పగించాలన్నది సాధారణ నియమం. అందువల్ల డల్లాస్ వెళ్ళేవారు న్యూయార్క్‌లో దిగి మరో విమానం ఎక్కడం కంటే దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో నేరుగా డల్లాస్‌లోనే దిగడం వీణకు క్షేమం. టికెట్టులో కొన్ని వేలు మిగులుతాయని మూడు చోట్ల మారే ప్రయాణం పెట్టుకోవడం మాత్రం వద్దు.

కొలతలూ బరువూ టికెట్టు కొనక ముందే చూసుకోవాలి. దేశంలో తిరిగే విమానాల్లో సాధారణ తరగతికి చాలా సంస్థలు ఇచ్చే సామాను 15 కిలోలు. వీణా పెట్టే కలిపితే ఆ పరిమితిలో పెద్దగా ఏమీ మిగలదు. విదేశీ ప్రయాణాల్లో ఒక్కొక్క సామాను 23 కిలోల వరకు, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్ల వరకు అనుమతించడం పరిపాటి. వీణ పెట్టె పొడవే 130 సెంటీమీటర్లు దాటుతుంది, మూడు కొలతలూ కలిపితే 200 దాటిపోతుంది, కాబట్టి అదనపు రుసుము తప్పదు. ఆ రుసుము ఎంతో, అసలు అంత పొడవు సామాను ఆ విమానంలో తీసుకుంటారో లేదో ముందే ఆ సంస్థకు ఈమెయిలు రాసి జవాబు తెప్పించుకుని, దాన్ని కాగితం మీద అచ్చు తీసి దగ్గర ఉంచుకోండి. కౌంటరులోని ఉద్యోగికి వీణ అంటే ఏమిటో తెలియకపోవచ్చు, తన సంస్థ రాసిన ఉత్తరం చూపితే మాత్రం కాదనలేరు.

వీణకు వేరే సీటు కొనవచ్చా అని అడిగేవారున్నారు. కొనవచ్చు. సీటు మీద సామాను పెట్టుకునే ఈ ఏర్పాటును విమాన సంస్థల భాషలో ‘సీబీబీజీ’ అంటారు, చెల్లో వాయించేవారు ఎక్కువగా వాడుకునేది ఇదే. అమెరికా విమాన సంస్థలకు అక్కడి రవాణా శాఖ 2015లో ప్రత్యేకంగా నియమాలు చేసింది. వాటి ప్రకారం చిన్న వాద్యాన్ని, ఎక్కే సమయానికి చోటు ఉంటే లోపలికి రానివ్వాలి. సీటు కొన్నవారి పెద్ద వాద్యాన్ని, భద్రతకు అడ్డం కానంతవరకు ఆ సీటులో పెట్టుకోనివ్వాలి. సామానుగా అప్పగించే వాద్యం పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 150 అంగుళాలు, 165 పౌన్లు మించనంతవరకు, విమానంలో చోటు ఉంటే తీసుకోవాలి. మిగతా దేశాల సంస్థల్లో ఎవరి నియమాలు వారివి. వయొలిన్ వాయించే పిల్లలకు ఈ చింత చాలావరకు లేదు, వాళ్ళ పెట్టె తల మీది అరలో పడుతుంది. వీణకు ఆ వీలు లేదు, డబ్బున్నవాళ్ళు సీటు కొనుక్కోవడం ఉత్తమం, లేనివాళ్ళకు పై జాగ్రత్తలే శరణ్యం.

భద్రతా తనిఖీ గురించి రెండు మాటలు. శ్రుతిపెట్టె, ట్యూనరు, కాంటాక్ట్ మైకు వంటివి వీణ పెట్టెలో పెట్టవద్దు. విడి లిథియం బ్యాటరీలను, పవర్ బ్యాంకులను అప్పగించే సామానులో పెట్టడం నిషేధం. ఎక్స్‌రేలో అటువంటిదేదైనా కనిపిస్తే మీరు లేని చోట మీ పెట్టెను తెరుస్తారు. తెరిచినవారికి దాన్ని మళ్ళీ సర్దడం రాదు, అసలు కష్టమంతా అక్కడే. శ్రావణం, స్క్రూడ్రైవరు వంటి పనిముట్లు మరో సూట్‌కేసులో పెట్టండి. ఎన్ని చేసినా పెట్టె తెరవరని చెప్పలేం కాబట్టి, మూత లోపలి వైపు వీణ ఫోటో అంటించి, ఎక్కడ పట్టుకుని ఎత్తాలో బాణం గుర్తులతో చూపి, యాళిని పట్టుకుని లేపవద్దని పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాయండి. ఈ కాగితం బయట అంటించిన చీటీ కంటే ఎంతో మేలు చేస్తుంది, ఎందుకంటే పెట్టె తెరిచిన మనిషి అప్పటికే ఆగి, చూస్తూ ఉంటాడు. అమెరికా వెళ్ళేవారు అక్కడి తనిఖీ అధికారులు తమ తాళంచెవితో తీయగల టీఎస్ఏ తాళం వేయాలి, మరో తాళమైతే పగలగొడతారు. పేరూ ఫోను నంబరూ బయటనే కాక లోపల కూడా రాసి పెట్టండి. 2014లో ఉస్తాద్ అంజద్ అలీ ఖాన్ లండన్ నుంచి ఢిల్లీ వస్తుండగా ఆయన సరోద్ దారిలో కనిపించకుండా పోయి, కొన్నాళ్ళకు గాని చేతికి రాలేదు. అంతటి విద్వాంసుడి వాద్యమే అలా తప్పిపోయిందంటే మన పిల్లల వీణల సంగతి వేరే చెప్పాలా.

దిగిన తరువాత పెట్టెను విమానాశ్రయంలోనే, బయటకు రాకముందే తెరవాలి. నా విద్యార్థిని ఒకామె విదేశం నుంచి తిరిగి వచ్చినప్పుడు పెద్ద సామాన్ల చోటుకు రావలసిన పెట్టె మామూలు బెల్టు మీదే నిలువుగా వచ్చింది. బయట ఒక్క గీత కూడా లేదు. వాళ్ళ నాన్నగారు అక్కడే తెరిచి, ఫోను దీపం పక్కవాటుగా వేసి చూశారు. కుండా దండీ కలిసే చోట పాలిష్ మీద తలవెంట్రుక కంటే సన్నని తెల్లని గీత, బొటనవేలి గోరు ఆనిస్తే తగులుతున్నంత మాత్రం, అడ్డంగా కనిపించింది. ఇంటికి వచ్చి చూసుకుని ఉంటే అది ప్రయాణంలోనే జరిగిందని రుజువు చేయడం కష్టమయ్యేది. ఆయన అక్కడికక్కడే ఫోటోలు తీసి, ఆ సంస్థ కౌంటరులో ‘పీఐఆర్’ అనే నష్టపు నివేదిక రాయించుకున్నారు కాబట్టి బాగుచేయించిన ఖర్చు తిరిగి వచ్చింది. వీణ ఇప్పటికీ పలుకుతున్నది. అయితే తారస్థాయిలో నాలుగైదు మెట్ల మీద మునుపటి నిలకడ లేదు, ఆ సంగతి ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు.

విదేశీ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, పాడైన సామాను గురించి అది చేతికి అందిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆ గడువు దాటితే హక్కు పోతుంది. భారతదేశంలో ఈ ఒప్పందం 2009 నుంచి అమలులో ఉంది. నష్టపరిహారం గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకు వాడే ప్రమాణం), అంటే రూపాయల్లో ఒకటిన్నర లక్షకు పైనే. మీ వీణ విలువ అంతకు మించితే, సామాను అప్పగించేటప్పుడే ప్రత్యేకంగా విలువ ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టి ఆ పరిమితిని పెంచుకునే వీలు ఆ ఒప్పందంలోనే ఉంది. దేశీయ ప్రయాణాల్లో పరిమితి దీనికంటే చాలా తక్కువ. బయలుదేరే ముందు వీణను అన్ని వైపుల నుంచీ, తేదీ కనపడేటట్టు ఫోటోలు తీసి ఉంచుకోవడం మరవకండి. వస్తువులో ముందే ఉన్న లోపం వల్ల నష్టం జరిగిందని వాదించే అవకాశం సంస్థకు ఉంటుంది.

చలికాలంలో అమెరికా చేరిన వీణ విషయంలో, విమానాశ్రయంలో ఒకసారి చూసి మూసేశాక, ఇంట్లో మళ్ళీ వెంటనే తెరవకూడదు. పెట్టెను గదిలో ఒక పగలో రాత్రో మూసే ఉంచితే కర్ర నెమ్మదిగా వేడెక్కుతుంది, లేకపోతే చల్లని కర్రకు ఒక్కసారిగా వెచ్చని గాలి తగిలి పాలిష్ పగుళ్ళు తీస్తుంది. తరువాత వచ్చే ఇబ్బంది పొడి గాలి. కృష్ణ ఒడ్డున తేమలో పెరిగిన పనస కర్రకు, హీటరు నడిచే గదుల్లో తేమ బాగా పడిపోయేసరికి ఒళ్ళు బిగుసుకుని పగుళ్ళు వస్తాయి, బిరడలు జారతాయి. బిరడలకు సుద్దపొడి రాస్తే నిలుస్తాయి. గదిలో తేమ 45, 50 శాతం దగ్గర ఉండేటట్టు తేమయంత్రం పెట్టుకోవాలి. ఇక్కడి వానాకాలానికి పనికివచ్చే సిలికా జెల్ పొట్లాలను ఆ పెట్టెలో ఉంచి పంపేవారున్నారు. పొడి దేశంలో అవి ఉన్న కాస్త తేమనూ పీల్చేస్తాయి, తీసేయండి. తంత్రులను ఒకే పూటలో శ్రుతికి తేవద్దు. మొదటి రోజు సగం, మర్నాడు మిగిలింది ఎక్కించి, గుర్రం పెన్సిలు గీత మీదే ఉన్నదో లేదో ప్రతిసారీ చూసుకోవాలి.

తాతముత్తాతల నాటి వీణలు ఉన్నవారికి ఒక హెచ్చరిక. పాత వీణల అలంకారాల్లో ఏనుగు దంతమూ జింక కొమ్మూ వాడేవారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది, ఏనుగు దంతం మీద, వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే ‘సైటీస్’ అనే అంతర్జాతీయ ఒప్పందపు ఆంక్షలు అంతకంటే కఠినంగా ఉన్నాయి. కస్టమ్స్‌వారు పట్టుకుంటే వీణ తిరిగి రాకపోవచ్చు. బిరడలు రోజ్‌వుడ్‌వి అన్న బెంగ మాత్రం అక్కరలేదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ తప్ప మిగిలిన రకాలతో పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నవంబరు నుంచి ఆ ఒప్పందంలో మినహాయింపు ఉంది. ఎలా చూసినా, ఇంటి పెద్దల వీణను విమానం ఎక్కించవద్దనే నా సలహా. అది ఇంట్లోనే ఉండాలి, సెలవులకు వచ్చిన పిల్లలు దాని ముందు కూర్చోవాలి.

విదేశంలో ఏళ్ళ తరబడి ఉండబోయేవారు అక్కడికని వేరే వీణ చేయించుకోవడమే మంచిది. రాడెల్ వారి డిజిటల్ వీణ వంటివి సాధనకు పనికివస్తాయి, ప్రయాణానికి సులువు; పనస కుండ నుంచి వచ్చే నాదం మాత్రం వాటిలో ఆశించలేం. కర్ర వీణే కావాలనుకుంటే, చేయించే రోజే చేసేవారికి ఈ వీణ విమానంలో వెళ్తుందని చెప్పండి. వీలైతే ఏకాండి అడగండి, బుర్ర మర లోతుగా కోయమనండి, యాళి చెవులు మరీ పొడవుగా చెక్కవద్దనండి. పాలిష్ వేయక ముందే ఆ వీణను పెట్టె చేసేవారి దగ్గరకు తీసుకువెళ్ళి కొలతలు ఇప్పించండి. వీణకు తగ్గట్టు పెట్టె చేస్తే ఫోమ్‌తో పూడ్చవలసిన ఖాళీ చాలావరకు మొదటే తప్పిపోతుంది, రెండూ ఒకేసారి చేయించడం వల్ల పెట్టె బరువు కూడా రెండు మూడు కిలోలు తగ్గించుకోవచ్చు.